వదిన ఒళ్లో మీటరు

మా వదిన మొదట్లో పనిచేసిన గది ఆసుపత్రి మెట్ల కింద ఉండేది. పైన ఎవరైనా గబగబా దిగితే గదిలో సున్నం రాలేది. తలుపు మీద ‘మరమ్మతు విభాగం’ అని బోర్డు ఉండేదిగానీ, విభాగం మొత్తానికి ఆమె ఒక్కతే మనిషి. వార్డుల్లో పాడైన బీపీ మిషన్లూ, ఆక్సిజన్ సిలిండర్ల మీటర్లూ, గొంతులో అడ్డుపడ్డ కఫాన్ని లాగే సక్షన్ మిషన్లూ వార్డు ఆయమ్మ ట్రేలో తెచ్చి బల్ల మీద పెట్టేది. వదిన వాటిని విప్పి, తుడిచి, రబ్బరు మార్చి, బాగయ్యాయని నమ్మకం కుదిరాకే పైకి పంపేది.

నేను అప్పుడప్పుడూ ఆమెకు అన్నం క్యారియర్ తీసుకెళ్లేవాణ్ణి. వెళ్ళేసరికి ఒక సీసాకు బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టి, మర బిగించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ముల్లు వంక చూస్తూ ఉండేది. పలకరించినా తల తిప్పేది కాదు.

“అలా చూస్తూ కూర్చుంటే ఏం కనబడుతుంది వదినా?” అని ఒకసారి అడిగాను.

“దిగుతోందా లేదా అని.”

“దిగితే?”

“గాలి ఎక్కడో పోతోందన్నమాట. ఎక్కడ పోతోందో తెలిసేదాకా నాకు ముద్ద దిగదు. ఆ క్యారియర్ అక్కడ పెట్టు.”

తరవాత ఆసుపత్రిలోకి కొత్తరకం మిషన్లు వచ్చాయి. పాడైతే కంపెనీ మనిషి వచ్చి, పాతది పట్టుకెళ్ళి కొత్తది ఇచ్చేవాడు. మెట్ల కింద గదిని విరిగిన చక్రాల కుర్చీలకు ఇచ్చేశారు. వదినను పేర్లు రాసుకునే కౌంటర్లో కూర్చోబెట్టారు. అక్కడ ఆమె ఎక్కువకాలం నిలవలేదు. పేరు, వయసు, ఏ డాక్టరు అన్నవి తప్ప ఇంకేమీ అడగకూడదట. ఈమె “ఎప్పట్నుంచి నొప్పి? కూర్చున్నప్పుడా, నడిచినప్పుడా?” అని మొదలుపెట్టేది. వరస తలుపు దాటి వరండాలోకి పోయేది. చివరికి తనే మానేసి ఇంటికొచ్చి, “కొన్నాళ్ళు షెడ్డుకొచ్చి కూర్చుంటాను,” అంది.

షెడ్డు మా అన్నయ్యది. డీజిల్ బండ్లు మాత్రమే చూస్తాడు. రేకుల కప్పు, నల్లబడ్డ నేల, గోడ పొడవునా మేకులకు వేలాడే పానాలు. దాన్ని ఆనుకుని నా స్పేర్ పార్టుల కొట్టు. మధ్యగోడలో ఒక కిటికీ ఉంది. అన్నయ్య అటునుంచి చెయ్యి చాపితే నేను ఇటునుంచి బేరింగో బెల్టో అందిస్తాను. కాబట్టి అక్కడ జరిగేదంతా, పని ఉన్నా లేకపోయినా, నా చెవిన పడుతూనే ఉంటుంది.

వదిన రాకతో ఆ షెడ్డు స్వరూపమే మారిపోయింది. అంతకుముందు డ్రైవరు వచ్చి “పికప్ లేదన్నా” అంటే అన్నయ్య “ఊఁ” అని బానెట్ ఎత్తేవాడు. ఇప్పుడు బానెట్ ఎత్తకముందే వదిన స్టూలు లాక్కుని డ్రైవరు ఎదురుగా కూర్చునేది. ఎక్కడం మీదా, చదునులోనా? పొగ నల్లగా వస్తోందా, తెల్లగానా? ఒక్కసారిగా పోయిందా, మెల్లమెల్లగా తగ్గిందా? డ్రైవర్లు మొదట్లో నవ్వుకున్నారు. తరవాత బోనులో నిలబడ్డట్టు ఒళ్ళు దగ్గర పెట్టుకుని జవాబులు చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళే ఆమెకు ‘ప్లీడరమ్మ’ అని పేరు పెట్టారు.

“నా షెడ్డును కోర్టు చేసేసింది,” అనేవాడు అన్నయ్య.

ఆమె డ్రైవర్లను ఎంత అడిగేదో అన్నయ్యను అంతకు రెట్టింపు అడిగేది. టర్బో అంటే ఏమిటని ఒక మధ్యాహ్నం పట్టుకుంది. అన్నయ్యకు చెప్పడం రాదు, చెయ్యడం వచ్చు. అయినా తప్పించుకోలేక చెప్పాడు.

“ఇంజన్లోంచి పొగ బయటికి పోతుందా? ఆ పోయే దారిలో ఒక చిన్న చక్రం. పొగ తోస్తే అది తిరుగుతుంది. అదే ఇరుసు మీద ఇటువైపు ఇంకో చక్రం. అది గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ. అంతే.”

“బండి మెల్లగా పోతున్నప్పుడు పొగ తక్కువుంటుంది కదా. అప్పుడు చక్రం ఎలా తిరుగుతుంది?”

“దాని చుట్టూ రెక్కలుంటాయి. మూసుకుంటే సందు చిన్నదై పొగ జోరుగా కొడుతుంది. నీళ్ళ పైపు మూతికి వేలు అడ్డం పెట్టినట్టు. స్పీడందుకున్నాక అవే తెరుచుకుంటాయి.”

“ఎవరు మూస్తారు?”

అన్నయ్య టర్బో పక్కన బిగించిన అరచేతంత రేకు డబ్బీని చూపించాడు. దాన్ని యాక్చుయేటర్ అంటారు. ఒకవైపు సన్నని గొట్టం, ఇంకోవైపు బయటికి పొడుచుకొచ్చిన కడ్డీ. గొట్టంలోంచి ఇంజన్ గాలి పీలిస్తే కడ్డీ లోపలికి పోయి రెక్కలు మూస్తుంది. ఎప్పుడెంత పీల్చాలో మధ్యలో ఉండే ఒక కరెంటు వాల్వు చూసుకుంటుంది.

వదిన మర్నాడు తుక్కులోంచి ఒక పాత యాక్చుయేటర్ ఏరుకుని, రంపంతో నడుముకు అడ్డంగా కోసింది. లోపల స్ప్రింగూ, దానిమీద పల్చటి రబ్బరు పొరా కనిపించాయి. పొర అంచున వెంట్రుకంత చిరుగు ఉంది. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి, చుట్టాన్ని చూసినట్టు చూసింది.

“ఇదా. దీన్ని నేను ఎరుగుదును,” అంది.

ఆ రోజు నుంచి యాక్చుయేటర్ల పని ఆమెదైపోయింది. చేతిపంపుతో గాలి లాగి, కడ్డీ కదలిక చూసి, ముల్లు నిలబడుతోందా లేదా అని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. నిలబడకపోతే పొర చిరిగినట్టు. నిలబడీ కడ్డీ కదలకపోతే రెక్కల మధ్య మసి గడ్డకట్టినట్టు. అన్నయ్య పైకి విసుక్కునేవాడుగానీ, బండి రాగానే ఆమె స్టూలు ఎక్కడుందోనని కళ్ళతో వెతికేవాడు.

అలాంటి రోజుల్లోనే కొండ వ్యాను వచ్చింది.

ఊరికి ఒక పక్కన కొండ ఉంది. పైన రాళ్ళు కొట్టే క్వారీ, దాని చుట్టూ ఇళ్ళు. అక్కడ కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళను డయాలసిస్‌కు ఆసుపత్రికి తేవడానికీ, అయ్యాక ఇళ్ళ దగ్గర దించడానికీ ఒక ధర్మసంస్థ ఆ వ్యాను నడుపుతోంది. డ్రైవరు పెద్దాయన. అందరూ బాబాయి అంటారు. చొక్కా ఇస్త్రీ నలగనివ్వడు. వ్యాను అద్దాలు ఆయన తుడిచినంతగా ఇంట్లో అద్దం కూడా ఎవరూ తుడవరు. మనిషి నెమ్మది. గట్టిగా మాట్లాడితే ఎదుటివాళ్ళకు కష్టమేమోనన్నట్టు మాట్లాడతాడు.

“ఎక్కడంలో చచ్చిపోతోందయ్యా,” అన్నాడు అన్నయ్యతో. “చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. పాకినట్టు పాకి సగం కొండ మీద ఆగిపోతుంది. డయాలసిస్ అయినవాళ్ళు కూర్చోలేరు, నిలబడలేరు. కాసేపు ఆపి, వాళ్ళను దించి, గాలి పీల్చుకోనిస్తాను. మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు ఎక్కేస్తుంది.”

అంతకుముందు వేరే షెడ్డువాళ్ళు టర్బో మొత్తం మార్చారట. లాభం లేకపోయింది. అన్నయ్య స్కానర్ పెట్టాడు. గాలి చాలటం లేదని అది చెప్పింది. ఎందుకు చాలటం లేదో చెప్పలేదు. వదిన యాక్చుయేటర్ పరీక్ష చేసింది. ముల్లు రాయిలా నిలబడింది. కడ్డీ నూనె రాసినట్టు కదిలింది. అన్నయ్య వాల్వు అనుమానించి మార్చాడు. వ్యాను రెండు రోజులు బాగా నడిచి మళ్ళీ ఆగింది. అప్పుడు, బాగున్నదని తెలిసీ, యాక్చుయేటర్ కూడా మార్చేశాడు. మళ్ళీ ఆగింది.

ఈసారి బాబాయి వచ్చినప్పుడు చొక్కా నలిగి ఉంది.

“వ్యానును నమ్ముకోలేం, కొండ ట్రిప్పు ఆపేస్తామంటున్నారు సంస్థవాళ్ళు,” అన్నాడు. “ఆపేస్తే పైవాళ్ళు దిగలేరు.”

“స్విచ్ ఆపి వేస్తే బాగవుతోందంటే ఇంజన్ను నడిపించే కంప్యూటర్లోనే ఏదో తిరకాసు,” అన్నాడు అన్నయ్య తల గోక్కుంటూ. “దాన్ని మార్చడమే ఇక మిగిలింది.”

వదిన స్టూలు లాక్కుంది.

“స్విచ్ ఆపితే బాగవుతోందా, కాసేపు ఊరుకుంటే బాగవుతోందా బాబాయ్?”

“రెండూ ఒకటే కదమ్మా.”

“ఎలా ఒకటవుతాయి? ఆపి వెంటనే స్టార్ట్ చేశారా ఎప్పుడైనా?”

ఆయన ఆలోచించాడు. “లేదు. వాళ్ళు దిగి కూర్చుంటారు కదా. పాపం, తొందరపెట్టను.”

“రోజూ ఆగుతుందా?”

“దాదాపు రోజూనే.”

“ఆగని రోజు ఏ రోజు?”

ఆయనకు జ్ఞాపకం రాలేదు. ఆగిన రోజులు గుర్తుంటాయిగానీ ఆగని రోజులు ఎవరికి గుర్తుంటాయి? వదిన చెప్పులు తొడుక్కుని నావైపు చూసి, “ఆసుపత్రికి వస్తావా?” అంది. కొట్టు కిటికీ మూసి వెళ్ళాను. ఆమెతో వెళ్తే ఏదో ఒకటి తెలుస్తుందన్న ఆశ నాకూ ఉండేది.

డయాలసిస్ వార్డు బయట బెంచీల మీద కొండవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందులో ఒక దర్జీ. పల్చటి మనిషి, మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతోంది. వ్యాను సంగతి అడగ్గానే ఆయన మొహం విప్పారింది. సూదులు పెట్టే మాట తప్ప ఇంకేదైనా అడిగితే చాలనుకునేవాడిలా ఉన్నాడు.

“పొద్దున్నే మమ్మల్ని తీసుకురావడానికి ఖాళీగా ఎక్కుతుంది చూడండి, అప్పుడు ఒక్కనాడూ ఆగలేదు. మధ్యాహ్నం రెండో జట్టును కిందికి దింపాక, అప్పటికే అయిపోయిన మమ్మల్ని ఎక్కించుకుని వెంటనే పైకి పోతుంది. అప్పుడే ఆగేది.”

“వెంటనే అంటే? ఇంజన్ ఆపకుండానా?”

“ఆపడు. మేం ఎక్కేదాకా అలా నడుస్తూనే ఉంటుంది.” దర్జీ కాసేపాగి, “ఇంకోటి. నేను గొడుగు తెచ్చుకున్న రోజు ఎప్పుడూ ఆగలేదు,” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. వదినకు రాలేదు.

“గొడుగు ఎప్పుడు తెచ్చుకుంటారు?”

“వాన పట్టినప్పుడే. ఆ మలుపులో దిగి నిలబడాలంటే తడుస్తాం కదా అని. తీరా ఆ రోజు ఆగదు. గొడుగు ముడి విప్పకుండానే ఇల్లు చేరతాను.”

తిరిగొచ్చేటప్పుడు వదిన నడక చూడాలి. నేను పరుగులాంటి నడక నడవాల్సొచ్చింది.

“వేడి,” అంది షెడ్డులోకి అడుగుపెడుతూనే. “వాన రోజు రాదు. పొద్దున్న రాదు. ఇంజన్ కాగి ఉన్నప్పుడే వస్తుంది. మనం ఏం చేస్తున్నాం? వ్యాను రాత్రంతా షెడ్డులో పెట్టుకుని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూస్తున్నాం. మధ్యాహ్నం వచ్చే జ్వరానికి పొద్దున థర్మామీటరు పెడితే ఏం దొరుకుతుంది?”

“కాగిన ఇంజన్లో చెయ్యి పెట్టి చూడమంటావా?” అన్నాడు అన్నయ్య.

“చెయ్యి వద్దు. మీటరు పెడదాం. బండి కొండెక్కుతున్నప్పుడే చూద్దాం.”

“మీటరు బానెట్ కింద ఉంటే నువ్వు బానెట్ మీద కూర్చుని చూస్తావా?”

“మీటరే నా దగ్గరికొస్తుంది.”

ఆమె ఇంటికి వెళ్ళి అట్టపెట్టెలోంచి ఒక పాత సక్షన్ మిషన్ మీటరు తెచ్చింది. గాలి ఎంత బలంగా లాగుతోందో చూపే రకం. నా కొట్లోంచి మందపాటి గొట్టం బారలు బారలుగా కోసుకుంది. మూడు మూతులున్న ఒక టీ జాయింటు తీసుకుంది. యాక్చుయేటర్‌కు వెళ్ళే గొట్టం చివర టీ వేసి, దానికి ఈ పొడవాటి గొట్టం తగిలించి, బానెట్ సందులోంచి బయటికి తీసి, ముందు సీటు కిటికీలోంచి లోపలికి లాగింది. దాని కొసన మీటరు. మీటరు తన ఒళ్లో.

మర్నాడు అన్నయ్య తుక్కు ఇంజన్ ముక్కలు వెనక ఎక్కించాడు, మనుషుల బరువుకు బదులు. ‘దండగ పని’ అంటూనే ఎక్కించాడు. ఆయనా నేనూ ఆ ముక్కల మధ్య సర్దుకున్నాం. బాబాయి స్టీరింగ్ ముందు, వదిన ఆయన పక్కన.

మొదటిసారి హాయిగా ఎక్కింది. వదిన ముల్లు ఎలా ఆడుతోందో మాకు చెబుతూనే ఉంది. కాలు నొక్కితే ఎగురుతోంది, తీస్తే వాలుతోంది. బాబాయి పైన తిప్పి కిందికి తెచ్చి, ఆపకుండా మళ్ళీ కొండకు మళ్ళించాడు. ఎండ ముదిరింది. వ్యానులో వేడి ఇనుము వాసన.

మొదటి మలుపు దాటాక వదిన మాటలు తగ్గాయి.

“బద్ధకంగా లేస్తోంది,” అంది.

రెండో మలుపులో, “కాలు నొక్కారా బాబాయ్?”

“ఆఖరిదాకా నొక్కానమ్మా.”

“లేవటం లేదు.”

లైటు వెలిగింది. వ్యాను గొంతు మారింది. వెనక అద్దంలోంచి నల్లటి పొగ కనిపించింది. బాబాయి గేరు దింపాడు.

“ఆగిపోతోందమ్మా.”

“ఆగనీండి. బాగా ఆగనీండి,” అంది వదిన. ఆమె మొహంలో అంత వెలుగు నేను ఇంట్లో పెళ్ళిళ్ళప్పుడు కూడా చూడలేదు. “ఇప్పుడు స్విచ్ ఆపి వెంటనే వెయ్యండి. దిగొద్దు.”

వేశాడు. లైటు పోయింది. అన్నయ్య “చూశావా” అనబోయాడు. వ్యాను నాలుగు బారలు పాకి మళ్ళీ నీరసించింది. ఒళ్లో ముల్లు అడుగునే పడుంది. లైటు మళ్ళీ వెలిగింది.

అన్నయ్య సీటు మీదుగా వంగి ముల్లు చూశాడు. కంప్యూటర్ మాట ఇక ఎత్తలేదు. తరవాత తనే దిగి, చేతికి గుడ్డ చుట్టుకుని, “ఆ టీ అక్కణ్ణుంచి తీసి ఈసారి వాల్వు దగ్గర పెడతాను. ఇంజన్ ఆపొద్దు బాబాయ్,” అన్నాడు. వేలు కాలింది. నోట్లో పెట్టుకుని మళ్ళీ బిగించాడు.

“ఇప్పుడు నొక్కండి,” అంది వదిన.

ముల్లు చివరిదాకా లేచింది.

వాల్వు దగ్గర గాలి బలంగా లాగుతోంది. యాక్చుయేటర్ దగ్గరకు ఆ బలం చేరటం లేదు. ఆ రెంటికీ మధ్య ఉన్నది జానెడు గొట్టం ఒక్కటే. దాన్ని అందరం చూశాం. చక్కగా నల్లటి అల్లిక తొడుగుతో, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. ఎవరికీ అనుమానం రాలేదు.

అన్నయ్య దాన్ని గుడ్డతో పట్టుకుని నొక్కాడు. “అణిగిపోయిందే,” అన్నాడు. “రిబ్బన్లా ఉంది.”

ఇంజన్ ఆపి, గొట్టం ఊడదీసి, అల్లిక తొడుగు వెనక్కి లాగాడు. లోపల తెల్లగా, గాజులా కనబడే మెత్తటి ప్లాస్టిక్ గొట్టం. ఒకచోట రెండు గోడలూ అంటుకుపోయి ఉన్నాయి. మేం చూస్తుండగానే, చల్లగాలికి, అది మెల్లగా మళ్ళీ గుండ్రంగా అయింది.

“ఇది బండి గొట్టం కాదే,” అన్నాను నేను. నా కొట్లో అలాంటిది ఉండదు.

“ఎవరో చాలా అందంగా తొడిగారు,” అంది వదిన మెచ్చుకోలుగా. “అల్లిక అంచు కూడా చెదరకుండా లోపలికి మడిచారు.”

“నేనేనమ్మా,” అన్నాడు బాబాయి.

అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన మొహంలో మొదట కొంచెం గర్వం, ఆ వెనకే అర్థమవుతున్నకొద్దీ భయం.

“చలికాలంలో ఎలకలు కొరికేశాయి. పైన క్వారీ దగ్గర ఇంజన్ సామాన్ల కొట్టు లేదు. అందరూ ఎక్కి కూర్చున్నారు, సూదుల టైము అయిపోతోంది. ఆవేళ సంతకొచ్చిన రంగుచేపలవాడి దగ్గర ఈ గొట్టం ఉంది. చేపల తొట్టిలో బుడగలకు వాడతారే, అది. సరిగ్గా పట్టింది. పాత తొడుగు పాడుచెయ్యడమెందుకని దాని మీదికే ఎక్కించాను. ఎండలొచ్చేదాకా పూలరథంలా నడిచింది. దీనికీ దానికీ సంబంధం ఉంటుందని నాకెలా తెలుసు?”

అన్నయ్య మొహం ఎర్రబడింది. “టర్బో మార్చారు. నేను వాల్వు మార్చాను, యాక్చుయేటర్ మార్చాను, తల బద్దలు కొట్టుకున్నాను. ఒక్క మాట చెప్పొచ్చు కదా బాబాయ్.”

“మనం అడిగామా?” అంది వదిన.

“ఏమని అడుగుతారే? ‘చేపల తొట్టి గొట్టం వేశారా’ అని ఏ మెకానిక్ అయినా అడుగుతాడా?”

అన్నాక ఆ మాట ఆయనకే వినబడింది. ముందు ఆయన భుజాలు కదిలాయి, తరవాత నవ్వు బయటికొచ్చింది. మేమూ ఆగలేకపోయాం. బాబాయి మాత్రం అద్దం తుడిచే గుడ్డ తీసుకుని కళ్ళు ఒత్తుకున్నాడు.

“ఇందులో మీ తప్పేం లేదు,” అంది వదిన ఆయనతో. “తొట్టి గొట్టం గాలి ఊదడానికి. ఊదితే మెత్తటిదైనా ఉబ్బుతుంది, అంతే. ఇది గాలి పీల్చే గొట్టం. మెత్తగా ఉంటే ఇదిగో, ఇలా అవుతుంది.” ఆమె బుగ్గలు రెండూ లోపలికి పీల్చి చూపించింది. “సక్షన్ మిషన్లకు గోడ మందంగా ఉండే గొట్టం ఎందుకేస్తారో నాకు తెలుసు. తెలిసీ దీని మీదికి ఆలోచన పోలేదు. తొడుగు చూసి మోసపోయాను.”

గొట్టం చల్లబడ్డాక తగిలించుకుని, కిందికి దిగకుండా పైదాకా వెళ్ళాం. వదినే వెళ్దామంది. రోజూ వినడమేగానీ ఆ ఇళ్ళు ఎలా ఉంటాయో చూడలేదంది. దర్జీ ఇంటి ముందు మిషను, దాని మీద సగం కుట్టిన చొక్కా. ఆరోజు ఆయనకు డయాలసిస్ లేదు. వదిన ఆయన చేతిలో ఆ తెల్ల గొట్టం పెట్టి జరిగిందంతా చెప్పింది. ఆయన దాన్ని వేళ్ళతో నలిపి, నాణ్యం చూసే గుడ్డలా పట్టుకుని, “దీనికోసమా మేం దిగి నిలబడింది,” అన్నాడు. కోపం లేదు. ఆశ్చర్యమే.

సాయంత్రం నా కొట్లోంచి సరైన గొట్టం ఇచ్చాను. అన్నయ్య దాన్ని వేడి పైపుకు దూరంగా మళ్ళించి క్లిప్పు బిగించాడు. తరవాతి వారమంతా ఎండలు మండిపోయాయి. వ్యాను ఆగలేదు. కొండ ట్రిప్పు ఉంచేశారు. కానీ కొన్నాళ్ళకు బాబాయి వచ్చి ఒక సంగతి చెప్పాడు.

“రెండో మలుపులో ఆపమంటున్నారమ్మా. దర్జీ మొదలుపెట్టాడు. అక్కడ గాలి బాగుంటుందట, కింద ఊరంతా కనబడుతుందట. ఆగిపోయిన రోజుల్లో అలవాటైందట. ఆపనా?”

“ఇంజన్ ఆపేసి ఆపండి,” అంది వదిన.

ఆ తరవాత వదిన స్టూలు పక్కన అన్నయ్య ఒక బల్ల వేయించాడు. మీటరు, పొడవాటి గొట్టం దానిమీదే ఉండేవి. ఆగి ఉన్న బండిలో దొరకని జబ్బుకు ఆమె బండెక్కేది. బస్సులు ఎక్కింది, ట్రాక్టర్లు ఎక్కింది, ఒకసారి ఇసుక లారీలో కూర్చుని జల్లెడ పట్టినట్టయి వచ్చింది. వేరే షెడ్డువాళ్ళు కూడా “ఒక్కసారి ప్లీడరమ్మను పంపండి” అని కబురు చేసేవాళ్ళు. అన్నయ్య ‘పంపను’ అనేవాడు. ఆమె అప్పటికే చెప్పులు తొడుక్కుంటూ ఉండేది.

ఈమధ్య బండ్లు మారాయి. ఇప్పటి యాక్చుయేటర్లలో గొట్టం లేదు, పీల్చడం లేదు. డబ్బీలో చిన్న మోటారు, పళ్ళ చక్రాలు, వైర్లు. ఆమె మీటరు వాటికి పనికిరాదు. మొదటిది వచ్చినప్పుడు ఆమె కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, “దీని భాష నాకు రాదు,” అంది. అన్నయ్య స్కానర్ తగిలించి, దానికి హుకుం ఇస్తే మోటారు ఎంతవరకు కదులుతోందో తెరమీద చూపించాడు. ఆమె ఆయన పక్కన కూర్చుని రోజుల తరబడి చూసింది. అడిగేది ఎప్పటిలాగే ఆమె, కానీ ఈసారి ఆయన ఓపికగా చెప్పేవాడు. చెప్పడం ఆయనకు ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు.

మొన్నటి మధ్యాహ్నం ఒక పాల ట్యాంకరు డ్రైవరు అలాంటి యాక్చుయేటర్ ఉన్న బండిని తెచ్చాడు. దాని మోటారు కదిలినట్టే కదిలి మధ్యలో జారిపోతోంది. స్కానర్ ‘పాడైంది, మార్చండి’ అనేసింది. కొత్తది బిగించాక, పాతదాన్ని వదిన మూత విప్పింది. ప్లాస్టిక్ పళ్ళ చక్రాన్ని గుడ్డతో తుడిచి, కిటికీ దగ్గరకు వచ్చి, వెలుతురులో నాకు చూపించింది.

“చూశావా? అన్ని పళ్ళూ కొత్తవిలా ఉన్నాయి. ఈ మూడే అరిగాయి.”

“ఆ మూడే ఎందుకు?”

“రెక్కలు ఎప్పుడూ ఒకేచోట ఆడాయన్నమాట,” అంటూ ఆమె అప్పటికే డ్రైవరు వైపు తిరిగింది.

“మీరు బండి ఎప్పుడూ ఒకే స్పీడులో నడుపుతారా?”

డ్రైవరు తత్తరపడ్డాడు. “పాలు చిలకకూడదని... కొంచెం కూడా ఎక్కించను, తగ్గించను. మీకెవరు చెప్పారు?”

వదిన స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

“చదును రోడ్డే కదా?” అంది.